కంపెనీ కూలరా, బయట కూలరా?

అమ్మలారా, అయ్యలారా, ముందు మీరు చెప్పండి: వాదనలో గెలిచిన మనిషి బండి గుట్ట ఎక్కుతూ ఆగిపోతే తప్పు ఎవరి మీద వేస్తారు? తొందరపడకండి. చౌడేశ్వరి తొందరపడే చిక్కుకుంది.

బేతంచెర్లలో వహీదా మేడం ఒక రేకుల షెడ్డులో ఆడపిల్లలకు మోటారు సైకిళ్ళ రిపేరు నేర్పుతారు. ఆమెకో అలవాటు ఉంది. ఇంజిను వేడిగా ఉన్నంతసేపు దాని మీద పానా పెట్టనివ్వరు. అడిగేవాళ్ళు వేడి మీద ఉన్నంతసేపు జవాబూ ఇవ్వరు. "చల్లారనీ" అంటారు, అంతే.

ఆ షెడ్డులో అందరికంటే నోరున్న పిల్ల చౌడేశ్వరి. గుట్టకు అవతలి పల్లె నుంచి, అన్న వాడి వదిలేసిన పెద్ద బండి మీద రోజూ వచ్చేది. ఆ దారి పొడుగునా రాళ్ళ లారీలే. ఆ మధ్య ఒక లారీ చక్రం కింది నుంచి ఎగిరొచ్చిన రాయి బండి ముందున్న ఆయిల్ కూలర్‌ను పగలగొట్టింది. ఇంజినులో కాగిన నూనెను ఎదురుగాలికి చల్లార్చే చిన్న జాలీ పెట్టె అది. నూనె కారి వెనక చక్రం కిందికి చేరింది, బండి జారింది, పిల్ల మోచెయ్యి చీరుకుపోయింది. మళ్ళీ కంపెనీ కూలరే కొత్తది వేయించారు. అప్పటి నుంచి బండికి ఒక జబ్బు పట్టుకుంది. గుట్ట సగం ఎక్కేసరికి ఇంజిను కాగిపోయి మొరాయించేది.

రెండుసార్లు అన్న ట్రాక్టరు వేసుకుని వచ్చి బండిని లాక్కుపోయాడు. రెండోసారి తాడు విప్పుతూ చెప్పేశాడు. "ఇంకొక్క తూరి ఆగిందంటే అమ్మేస్తా. ఆదివారం బండి చూసుకోను మనిషి వస్తాండాడు. నువ్వింక ఇంటిపట్టున ఉండు." ఆ దారిన బస్సు లేదు. బండి పోయిందంటే షెడ్డు పోయినట్టే, నేర్చుకునే పనీ పోయినట్టే.

కాబట్టి ఆ శుక్రవారం ఆమె అడిగింది కాలక్షేపం ప్రశ్న కాదు.

"మేడం, కంపెనీ కూలరే ఉంచల్లనా, బయట దొరికే పెద్దది వేయల్లనా? ఒక్క మాట చెప్పండి."

"చల్లారనీ" అన్నారు మేడం.

చౌడేశ్వరి చల్లారలేదు. పక్కనే ప్లగ్గు తుడుస్తున్న జరీనా అందుకుంది. "కంపెనీవాళ్ళేమన్నా పిచ్చోళ్ళా? ఇంజినుకు తగ్గట్టు లెక్కేసి పెట్టినారు. నువ్వు పెద్దది తగిలించి, రేపు దాని పైపు లీకయితే మళ్ళా మోచెయ్యేనమ్మా!"

"వాళ్ళు లెక్కేసింది సాఫీ రోడ్డుకు. వాళ్ళ లెక్కలో మా గుట్ట ఉందా? మా ఎండ ఉందా? పాత కూలర్ ఉన్నన్నాళ్ళు ఒక్కసారి ఆగని బండి కొత్తది పెట్టినాక ఆగుతాంది. ఇంక దొంగ ఎవరో నేను చెప్పల్లనా?"

"దొంగ సరే. మరి టౌనంతా తిప్పుకొచ్చినా ఇక్కడ కాగదు కదే నీ బండి! మమ్మల్ని చూసి సిగ్గుపడుతుందా?"

"ఇక్కడ గుట్ట ఏదీ? నీ ముక్కు ఎక్కిస్తామా?"

షెడ్డంతా పగలబడి నవ్వింది. చౌడేశ్వరి గెలిచింది. మేడం మాత్రం చేతులు తుడుచుకుంటూ, "రేపు పొద్దున మీ ఇంటికొస్తా. నీ వెనక కూర్చొని ఇక్కడికి వద్దాం" అన్నారు.

"ఎందుకు మేడం, టౌను మొదట్లో ఎక్కండి..."

"మీ ఇంటి కాడి నుంచే."

చౌడేశ్వరి మొహంలో రంగు మారింది.

మర్నాడు మేడం ఖాళీ లారీ ఒకటి పట్టుకుని పొద్దున్నే పల్లెలో దిగారు. చౌడేశ్వరి తల్లి తిమ్మక్క కంకర క్రషర్‌లో కూలి పని చేస్తుంది. మేడం చేతికి టీ గ్లాసు ఇచ్చి, ఆమె లోపలికి వెళ్ళి వేలు మందాన నల్లటి రబ్బరు ముక్క ఒకటి తెచ్చింది. క్రషర్‌లో అరిగి పారేసిన బెల్టు అది. బండి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, దాన్ని కూలర్‌కు అడ్డంగా పెట్టి, కాళ్ళ గార్డుకు బిగించి కట్టింది.

"చూడండి మేడం, మళ్ళా రాయి తగలనిస్తానా? గుట్ట దాటేదాకా విప్పనని దీని చేత నా మీద ఒట్టు పెట్టించుకున్నా."

మేడం ముడిని వేలితో లాగి చూశారు. "గట్టిగా కట్టినావు తిమ్మక్కా."

"కట్టనా మరి? కన్నది నేను కదా."

చౌడేశ్వరి తల ఎత్తకుండా బండి స్టార్టు చేసింది.

గుట్ట సగానికి రాకముందే ఇంజిను సెగ మోకాళ్ళకు తాకడం మొదలైంది. మాడిన నూనె వాసన. బండి ఎద్దులా రొప్పుతోంది. ఇప్పుడు ఆగిందంటే మూడోసారి. చౌడేశ్వరి పళ్ళు బిగబట్టి, గేరు తగ్గించి, బతిమాలుకుంటూ ఎట్లాగో పైకి లాగింది.

దిగువన టౌను మొదట్లో కల్వర్టు దగ్గర చౌడేశ్వరి బండి ఆపింది.

"ఏంటికి ఆపినావు?"

"ఒక్క నిమిషం మేడం. ఇది విప్పేస్తా. షెడ్డులో చూస్తే బండికి లంగా కట్టినావా అంటారు."

"రోజూ ఇక్కడే విప్పుతావా?"

"రోజూ. సంచిలో పెట్టుకుని, పోయేటప్పుడు మళ్ళా ఇక్కడే కట్టుకుంటా. ఒట్టు మాత్రం తప్పలేదు."

అంటూనే ముడి లాగింది. రబ్బరు పక్కకు జారగానే దాని వెనక కుక్కుకుని ఉన్న సెగ, అన్నం కుండ మూత తీసినట్టు, ఒక్కసారిగా మొహాన కొట్టింది. ఆమె చెయ్యి అక్కడే నిలిచిపోయింది.

కూలర్‌కు కావలసింది ఎదురుగాలి. గాలికి అడ్డంగా బెల్టు. కొత్త కూలర్, ఈ బెల్టు ఒకే రోజు బండి మీదికి వచ్చాయి. ఇంత వాదనలోనూ ఆమె ఒకదాన్నే బోనెక్కించింది. రెండోదాన్ని సంచిలోంచి బయటికే తీయలేదు. మోసం చేయాలని కాదు పాపం, నవ్వుతారని.

"ఇన్నాళ్ళూ మా అమ్మేనా!" అని రబ్బరును కల్వర్టు కిందికి విసిరేయబోయింది. మేడం ఆమె మణికట్టు పట్టుకున్నారు. రబ్బరును వెలుగుకు తిప్పారు. నడుమ నిండా గాట్లు, చీలికలు. ఒకచోట రాతి పలుకు ఇంకా దిగబడే ఉంది.

"దీన్ని పారేస్తే, ఇవన్నీ ఎవరికి తగలల్ల?"

చౌడేశ్వరి రబ్బరును కిందికి దించింది. "మరి ఏం చేయల్ల మేడం?" అంది.

మేడం తన సంచిలోంచి తోలుకు చిల్లులు కొట్టే ఉలి తీసి ఇచ్చారు. "మీ అమ్మకియ్యి. యాడ కొట్టల్లనో ఆమెనే చెప్పనీ."

ఆ సాయంత్రం సంగతంతా విని తిమ్మక్క గడపలోనే కూలబడింది. "అయితే నిన్ను నడిరోడ్డున ఆపేసింది నేనేనా పాపా?"

ఎవరి మాటకైనా ఎదురు మాట సిద్ధంగా ఉండే పిల్ల ఆ పూట రబ్బరును తల్లి ఒళ్ళో పెట్టి, ఆమె వేలు పట్టుకుని రాతి పలుకు మీద ఆనించింది. తిమ్మక్క దాన్ని తడిమింది. గాట్లన్నీ ఒక్కొక్కటే తడిమింది.

"నడుమ కొట్టొద్దు" అంది చివరికి. "రాళ్ళు నడుమనే తగుల్తాండాయి. పైన కొట్టు. పక్కల కొట్టు."

తల్లి పట్టుకుంది, కూతురు సుత్తి వేసింది. కాసేపటికి కూతురే ఆగింది. "చాల్లే అమ్మా, ఇంక నీ భయానికి కూడా కొంచెం ఉండనీ."

"కొట్టవే. నీకు గాలి చాలల్ల కదా."

ఆదివారం బండి చూసుకోవడానికి మనిషి వచ్చాడు. అన్న తనే బండెక్కి గుట్ట పైదాకా పోయి, ఎక్కడా ఆగకుండా తిరిగొచ్చి, ఇంజిను మీద చెయ్యి ఆనించి చూశాడు. వచ్చిన మనిషికి టీ ఇప్పించి, క్షేమసమాచారాలు అడిగి, పంపించేశాడు.

సోమవారం చౌడేశ్వరి కల్వర్టు దగ్గర ఆగలేదు. చిల్లుల రబ్బరుతోనే నేరుగా షెడ్డులోకి వచ్చింది.

"ఏమే, బండికి జల్లెడ కట్టినావా?" అంది జరీనా.

నవ్వులు ఆగేదాకా నిలబడి, చౌడేశ్వరి జరిగిందంతా దాచకుండా చెప్పింది. అంతా విన్నాక జరీనా నవ్వలేదు. తనూ దారిలో విప్పి స్కూటీ సీటు కింద కుక్కిన గుడ్డ మూట వైపు ఒకసారి చూసుకుంది. ఇంకో ఇద్దరు చూపులు దించుకున్నారు.

వహీదా మేడం అక్కడున్న వాళ్ళందరి వైపూ తిరిగారు.

"రేపు అందరూ మీ బండ్లు తీసుకురండి. ఇంటి కాడ ఎట్ల బయల్దేరతాయో అట్లనే తీసుకురండి. దారిలో ఏమీ విప్పొద్దు."