మొదటి ముడి

మద్దిలేటి చేతికి వణుకు పట్టుకుంది.

జ్వరమూ కాదు, చలీ కాదు. నలుగు పెట్టేటప్పుడు ఫోటోలు తీస్తే ఆ చేయి నిక్షేపంగా ఉంటుంది. జీలకర్రా బెల్లమప్పుడూ అంతే. గట్టిమేళం మోగి పెళ్ళికొడుకు తాళి అందుకున్నాడంటే మాత్రం వేళ్ళు ఎండాకుల్లా ఆడతాయి. చేయి ఎంత చిత్రమైందో చూడండి, ఎప్పుడు భయపడాలో దానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

పోయిన మాఘమాసంలో ఒక పెళ్ళి అట్లాగే పోయింది. అక్షింతలు వెయ్యడానికి జనం ఒకరి మీద ఒకరు ఎగబడ్డారు. మద్దిలేటి వెనకనించి వరసపెట్టి తీస్తూనే ఉన్నాడు. తీరా చూసుకుంటే ఒకదాంట్లో ఎవరిదో భుజం, ఒకదాంట్లో ఎవరిదో తలపాగా, మిగిలినవన్నీ అలికేసినట్టున్నాయి. ఆ పెళ్ళివాళ్ళు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పెళ్ళికూతురు ఆల్బం మొదటినుంచి చివరిదాకా తిరగేసి, "తాళి కట్టేది లేదా అన్నా?" అని అడిగింది, అంతే.

అతనికి ఈ విద్య నేర్పింది దస్తగిరి. కొండ మీద ఊళ్ళకూ, ఏటి అవతలి ఊళ్ళకూ, బస్సు పోని చోట్లకూ పెళ్ళి ఫోటో అంటే ఆయనే పోయేవాడు. ఇప్పుడు కళ్ళకు పొరలొచ్చాయి. కెమెరా శిష్యుడికిచ్చి, తాను లైటు పట్టుకుని వెంట నడుస్తున్నాడు.

ఆ పొద్దు ఇద్దరూ గుండ్లపెంటలో పెళ్ళికి బయల్దేరారు. రోడ్డు తెగినచోట బస్సు దిగి, ఆటో ఎక్కి, అదీ పోలేనన్నచోట దిగి, కృష్ణ ఒడ్డుకు నడిచారు. అవతలికి పుట్టిలో, బుట్టలాంటి గుండ్రటి పడవలో, దాటాలి. మద్దిలేటి కెమెరా సంచీని యూరియా గోతంలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు, పసిబిడ్డను పెట్టుకున్నట్టు.

పుట్టి నడి ఏట్లోకి వచ్చాక అన్నాడు.

"గురువా, ఈ ఒక్కసారికి తాళి బొమ్మ నువ్వు తియ్యి."

"నాకిప్పుడు తాళిబొట్టూ జడకుప్పెలూ ఒక్క తీరుగానే కనపడతాయి. ఎవరి మెళ్ళో ఏముందో అడిగి తియ్యాల."

తెడ్డేసే మనిషి కిసుక్కున నవ్వాడు. మద్దిలేటికి నవ్వు రాలేదు.

"ఇది గానీ పోయిందంటే నేనింక కెమెరా ముట్టను. మా బావ టైర్ల అంగట్లో చేరిపోతా."

"చేరు. అక్కడ కూడా చేయి వణికితే చక్రం ఊడి నీకంటే ముందు ఇల్లు చేరుతుంది," అన్నాడు దస్తగిరి.

గుండ్లపెంటలో వాళ్ళకు ముందుగా ఎదురొచ్చింది పెళ్ళికూతురి తల్లి, ఓబుళమ్మ. పెనిమిటి పోయి ఏడాది తిరగలేదు. పెరట్లో వంటల దగ్గర కూర్చుని విస్తరాకులు తుడుస్తోంది. చెంబుతో మజ్జిగ ఇచ్చి, మద్దిలేటి తాగేదాకా ఆగి, అప్పుడు చెప్పింది.

"నేను పందిట్లోకి రాను నాయనా. నాలాంటిది రాకూడదు గదా. మా అన్నా వదినా పీటల మీద కూచుంటారు. నువ్వు తీసేదాంట్లోనే నేను చూసుకోవాల. కొంచెం మెడ కనపడేట్టు తియ్యి."

మద్దిలేటి సరేనని తలూపి, పెరడు దాటాక గురువు వైపు చూశాడు. "విన్నావా?" అన్నాడు.

"విన్నా," అన్నాడు దస్తగిరి.

ముహూర్తం దగ్గరపడింది. పందిరి చిన్నది, జనం ఎక్కువ. మద్దిలేటి కెమెరా ముందుకు పెట్టి, "జరగండి, కొంచెం జరగండి," అంటున్నాడు. ఎవరూ జరగలేదు.

"నీకోసం జరిగితే నేను యాడ నిలబడాలబ్బాయ్? నేను పెళ్ళికూతురికి మేనత్తను," అంది ఒక పెద్దావిడ. ఇంకొకాయన, "ఫోటోలు తర్వాత తీసుకోవచ్చులే, ముందు పెళ్ళి కానీ," అన్నాడు. మద్దిలేటి మళ్ళీ వెనకబడ్డాడు. పెళ్ళికూతురు శివలీల నెత్తిన పూలు తప్ప ఏమీ కనపడటం లేదు. వేళ్ళు అప్పుడే మొదలుపెట్టాయి.

పక్కన చూస్తే గురువు లేడు. లైటు పందిరి గుంజకు కట్టేసి ఉంది.

పురోహితుడు తాళి అందరి చేతా తాకించి తెచ్చాడు. గట్టిమేళం లేచింది. అప్పుడొచ్చాడు దస్తగిరి, పెరటివైపు నుంచి, పిడికిలి మూసుకుని. వచ్చి మద్దిలేటి చేతిలోంచి కెమెరా తీసి, పట్టీతో అతని మెడకే తగిలించాడు. పిడికిట్లోవి అతని చేతిలో పోశాడు.

అక్షింతలు. పసుపు ఇంకా తడిగా ఉంది.

"ముందు ఇవి వేసి రా," అన్నాడు.

"అయ్యో గురువా, కడుతున్నాడు! బొమ్మ పోతుంది..."

"పెరట్లోంచి తెచ్చినా. వేసి రా."

మద్దిలేటి మూసిన పిడికిలి ఎత్తి ముందుకు నడిచాడు. ఎంత విచిత్రం, కెమెరాకు జరగని జనం పిడికిలికి జరిగారు. మేనత్త తానే భుజం పట్టి ముందుకు తోసింది, "పో నాయనా, నువ్వూ వెయ్యి," అని. నాలుగడుగుల్లో పీటల పక్కన ఉన్నాడు.

పెళ్ళికొడుకు మొదటి ముడి వేస్తున్నాడు. మద్దిలేటి పిడికిలి విప్పాడు. పసుపు గింజలు శివలీల పాపిట మీదా, భుజాల మీదా రాలాయి. ఇన్ని పెళ్ళిళ్ళు చూశాడు గానీ, ఒక పెళ్ళిలో అక్షింతలు వెయ్యడం అతనికి అదే మొదలు. అతని నోట్లోంచి అతనికే తెలియకుండా, "సల్లగుండు తల్లీ," అని వచ్చింది.

వేసినవాళ్ళు వేసి వెనక్కి తగ్గారు. పీటల ముందు కొంచెం ఖాళీ అయింది. ఆడపడుచు జడ పైకెత్తి పట్టుకుంది. రెండో ముడి.

మద్దిలేటి కెమెరా ఎత్తాడు. తీశాడు. మూడో ముడీ తీశాడు. చేతి సంగతి అతనికి గుర్తే లేదు.

ఆ తర్వాత ఎవరికీ చూపించకుండా తిన్నగా పెరట్లోకి పోయాడు. ఓబుళమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని కెమెరా వెనక చిన్న అద్దంలోకి వంగి చూసింది. పసుపు తాడు, కూతురి మెడ, దించిన కళ్ళు. అన్నీ ఉన్నాయి. చాలాసేపు చూసి పాపిట దగ్గర వేలు పెట్టింది.

"ఈ గింజలు?"

"నువ్విచ్చినవేనమ్మా. నేనే వేసినా."

"ఆ పెద్దాయన వచ్చి పిడికెడు అక్షింతలు కలిపిమ్మన్నాడు," అంది ఓబుళమ్మ. "నా చేత్తోనా సామీ అన్నాను. చెయ్యి చాపి అట్లనే నిలబడ్డాడు."

కళ్ళు తుడుచుకుని నవ్వింది. "తిని పోండి. బూరెలు వేడిగా ఉండాయి," అంది.

సాయంత్రం పుట్టి ఎక్కారు. కెమెరా సంచి మళ్ళీ గోతంలో చేరింది. ఒడ్డు దూరమయ్యాక మద్దిలేటి అడిగాడు.

"గురువా, నేను అక్షింతలు వేస్తుంటే బొమ్మ పోయుంటే ఏం చేసేవాళ్ళం?"

దస్తగిరి బూరె నములుతున్నాడు. నిదానంగా మింగి చెప్పాడు.

"వేసేది మూడు ముళ్ళు గదరా. బొమ్మకు రెండు చాలు. మొదటిదానికి నువ్వు పెళ్ళికొచ్చినోడివి."

మద్దిలేటి చెయ్యి జార్చి ఏట్లో పెట్టాడు. నీళ్ళు చల్లగా వేళ్ళ సందుల్లోంచి పోతున్నాయి. అవతలి ఒడ్డు వచ్చేదాకా తియ్యలేదు.