బెల్లం పూసిన తలుపు

పత్తి ఏరడం అయిపోయి, చేలో కట్టె మాత్రం నిలబడి ఉన్న రోజులవి. చేను గట్టున మట్టికొట్టంలో గురవమ్మ అనే మేక, పాలు తాగే రెండు పిల్లలతో కాపురముంటోంది. కొట్టానికున్న పాత చెక్క తలుపును చెదలు తినేశాయి. ఎదుటి గుట్ట మీద నక్క ఉంటోంది. కాబట్టి తలుపు సంగతి వాయిదా వేసేది కాదు.

చెట్టు కొట్టక్కర్లేదని ముసలి ఎద్దు లింగన్న చెప్పాడు. పత్తికట్టెను నలగదొక్కి, నానబెట్టి, తుమ్మబంక కలిపి, బండ కింద అదిమి ఎండబెడితే చెక్కలాంటి పలక వస్తుందన్నాడు. ఎలాగూ చేలో తగలబెట్టే చెత్తే కదా.

ఈ మాట నక్క చెవిన పడింది. పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి, పత్తికట్టె గరుకనీ, పిల్లల మూతులు గీసుకుపోతాయనీ తెగ బాధపడింది.

"వేరుశనగ కట్టె వాడు వదినా. బంకెందుకు, బెల్లం పాకం పట్టించు."

గురవమ్మకు నోరూరింది. ఊరిన నోటినే ఆలోచన అనుకుని సరేనంది. మేక తన తలుపును తానే వారంలో తినేస్తుందని నక్క లెక్క. మేకల సంగతి తెలిసినవాళ్లెవరూ ఆ లెక్కను తప్పుపట్టరు.

లింగన్న వాదించలేదు. గంగిరెద్దులా తల ఊపి, పని మొత్తం తనకు వదిలేయమన్నాడు. ఎనిమిదో రోజుకు బెల్లం వాసన కొట్టే తలుపు బిగించాడు.

తల్లీ పిల్లలూ పొద్దస్తమానం దాన్ని నాకుతూనే ఉన్నారు. నక్క గుట్ట మీంచి రోజూ చూస్తూ, ఈపాటికి అప్పడమంత పలచబడి ఉంటుందని అంచనా వేసుకుంది. ఒక మధ్యాహ్నం పిల్లల్ని లోపల పెట్టి గురవమ్మ నీళ్లకు వెళ్లింది. నక్క దూరం నుంచి పరుగెత్తుకొచ్చి తలుపును తలతో కుమ్మింది.

తలుపు కదల్లేదు. నక్క కూర్చుంది. కాసేపటికి ముందరి పన్ను ఒకటి ఊడి పడింది.

"ఇది వేరుశనగ కట్టె కాదు," అంది.

"కాదు," అన్నాడు పక్కనే పడుకున్న లింగన్న, నెమరు ఆపకుండా. "వేరుశనగ కట్టె నేను తినేశాను. ఇది పత్తికట్టె. పైన పూసింది మాత్రం నువ్వు చెప్పిన బెల్లమే."

తిరిగొచ్చిన గురవమ్మకు సంగతి తెలిసింది. పిల్లల్ని లెక్కపెట్టుకుంది. ఉన్నవి రెండే కాబట్టి రెండుసార్లు లెక్కపెట్టుకుంది. తర్వాత, ఇంకా అక్కడే కూర్చున్న నక్కతో మర్యాదగానే అంది:

"మరిదీ, ఈసారి సలహా ఏదైనా ఉంటే గుట్ట మీంచే కేకెయ్యి. వినపడుతుంది."

నీతి: తీపి సలహాను నాకి చూడొచ్చు గాని, గుమ్మానికి బిగించుకోకూడదు.