గవ్వలపేట మాత గుడి నేలలో పడుకున్నవారు

సముద్రపు ఒడ్డున గవ్వలపేటలో ఉన్న మరియమాత దేవాలయం చాలా పాతది, పేరున్నది. ఏటా మాత పండుగకు దూరప్రాంతాల నుంచి యాత్రికులు వస్తారు. పీఠానికి కుడిపక్కన దొరల సమాధులున్నాయి. వాటి మీద చెక్కిన సింహాలను, కిరీటాలను అందరూ ఫోటోలు తీసుకుంటారు. తీసుకోవచ్చు, తప్పులేదు. కానీ మీరు చెప్పులు విప్పి నిలబడిన ఈ నున్నని నాపరాళ్ళ కింద పేరు చెక్కించుకోనివారు ఇంకా ఎందరో ఉన్నారు. ఈ కథ వారిది.

పూర్వం ఇక్కడ గుడి కట్టినప్పుడు పడవల నుంచి రాళ్ళు మోసిన కూలీలలో రాయప్ప ఒకడు. గుడి పూర్తయిన ఏడే అతడు జ్వరంతో కన్నుమూశాడు. లోపల దొరలకే చోటు కనుక, పేదలందరిలాగే అతన్నీ ఒడ్డున ఇసుకలో పూడ్చారు. సముద్రం ఏటేటా ముందుకొచ్చి ఆ సమాధులను కోసుకుపోసాగింది. రాయప్ప భార్య ఇన్నాసమ్మకు కంటి మీద కునుకు లేదు. ఆమె గుడి పెద్ద జెరోము స్వాములవారి కాళ్ళ మీద పడింది.

“సామీ, ఈ గుడికి రాళ్ళు మోసినోణ్ణి సంద్రం ఎత్తుకుపోతంది. లోపల ఓ మూలన పడుకోబెట్టండి.”

స్వాములవారు మంచివారే, కానీ నియమం దాటలేని మనిషి. కుదరదన్నారు.

ఆ మధ్యాహ్నం పీఠం దగ్గర జపం చేస్తుండగా ఆయన కళ్ళు మూతపడ్డాయి. కలలో మాత గుడి తలుపు తీసుకుని లోపలికి వచ్చింది. ఆమె నీలి కొంగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె వెనుకే అలలు వచ్చి, చప్పుడు లేకుండా, ఒక్క దీపాన్నీ ఆర్పకుండా మరలిపోతున్నాయి. “నాయనా, నా పిల్లలు బయట తడుస్తుంటే నాకు లోపల నిద్ర ఎలా పడుతుంది?” అని అడిగింది. మెలకువ వచ్చేసరికి పీఠం మెట్ల మీద తడి ఇసుక ఉంది. ఆయన సిగ్గుపడి, ఏడ్చి, పార తీసుకుని తానే ఒడ్డుకు నడిచారు.

అలా ఒడ్డున పూడ్చినవారిలో సముద్రానికి దక్కకుండా మిగిలినవారంతా లోపలికి వచ్చారు. గోడ నుంచి గోడ దాకా నేల నిండిపోయింది. రాయప్పకు ఉత్తరపు గోడ పక్కన చోటు దొరికింది.

చాలా ఏళ్ళకు ఇన్నాసమ్మ ముసలిదై మంచం పట్టింది. పెనిమిటి పక్కన పడుకోవాలని ఆమెకు ఒకటే కోరిక. జానెడు చోటు కూడా లేదని అందరూ తేల్చేశారు. ఆమె పట్టు వదలక, కోడలి భుజం పట్టుకుని గుడికి వచ్చి, రాయప్ప మీద పరిచిన రాయిని అరచేత్తో తట్టింది. “మావా, కాసింత జరుగు” అంది. కొందరు నవ్వారు. ఆమె పోయాక, అడిగిన మాట తీసెయ్యలేక ఆ రాయి ఎత్తి చూశారు. రాయప్ప గోడవైపు ఒత్తిగిలి ఉన్నాడు, చాప మీద భార్యకు చోటు విడిచి పడుకున్న మగనిలా.

నేటికీ ఈ గుడిలో బల్లలు వేయరు. కూర్చునేముందు నేలను తట్టి “కాస్త జరగండి” అనడం ఆచారం. అలా అడిగినవారికి ఇల్లు, కొలువు, అత్తింట ఆదరణ దొరుకుతాయని నమ్మకం. బస్సులో సీటు కోసం మొక్కేవారూ ఉన్నారు, మాత వారినీ విసుక్కోదు. వేటకు వెళ్ళి తిరిగిరాని జాలరుల ఇంటివారు కూడా వస్తారు. దొరకని తమవారి తరఫున నేలను తట్టి చోటు అడుగుతారు. అప్పుడు చుట్టూ కూర్చున్నవారంతా, ఎవరూ చెప్పకుండానే, కొంచెం జరుగుతారు.