అందరి తరఫునా

కుసుమగిరి రాజుగారి అద్దకాల శాలలో చెంగల్వ అనే పిల్ల చీరల మీద బొమ్మలు రాసేది. కళ్లు మూసుకుంటే చాలు, ఆమె మనసులో వేయి పిట్టలు రెక్కలు విప్పేవి. కళ్లు తెరిస్తే మాత్రం ఎదురుగా శాల అధికారి కొండలరాయుడు!

"చెంగల్వా, నీళ్లు తోడు! చెంగల్వా, రంగులు కాచు! చెంగల్వా, మా ఆవిడకి పూలు కోసుకురా!"

"అయ్యా, ఇంతకీ నా పని ఏదండీ?" అని అడిగితే, "ఇక్కడ నీదీ నాదీ అని లేదే పిల్లా, అన్నీ అందరి పనే" అనేవాడు.

రేపు రాణిగారి పుట్టినరోజనగా రాజుగారు శాలకి వచ్చారు. ఆమె కోసం తీసిపెట్టిన కొత్త చీర మీద ఒక్క గీతైనా లేదు. ఆయన మండిపడ్డారు.

"ఈ తప్పు ఎవరిదో వాళ్లు ఇవాళే ఊరు వదిలిపోవాలి!"

"ఈ పిల్లదే ప్రభూ!" అన్నాడు రాయుడు తడుముకోకుండా.

చెంగల్వ చేతులు జోడించింది.

"ప్రభూ, నిరుడు నేను రాసిన హంసల చీరకి మీరిచ్చిన కంకణం అయ్యగారి చేతికే ఉంది, చూడండి. పని అందరిదీ కాబట్టి అందరి తరఫునా తానే తొడుక్కున్నారు. మరి ఈ తప్పూ అందరిదే. అందరి తరఫునా ఊరు కూడా ఆయనే వదిలి వెళ్తే సరిపోతుంది."

రాయుడు రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "అబ్బెబ్బే! బొమ్మలు రాయడం ఈమె ఒక్కదాని పనే ప్రభూ! నాకసలు చేతకాదు!"

రాజుగారు పకపకా నవ్వారు. "అయితే ఆ కంకణం ఎవరిదయ్యా?"

రాయుడు గబగబా కంకణం ఊడదీయబోయాడు.

"అది తర్వాత తీసుకుంటాను ప్రభూ," అంది చెంగల్వ. "ముందు ఆయన ఇప్పుడన్న మాటే శాలంతా వినేలా మూడుసార్లు అనమనండి."

రాయుడు మూడోసారి అరిచేలోపే చీర అంచున మొదటి పిట్ట వాలింది.