కోటలో ఆరిన పొయ్యి

దిబ్బరొట్టె కాలిందో లేదో మూత తీయకుండా చెప్పగల ముక్కు ఈ రాజ్యంలో నాదొక్కటే. గొప్పలకి పోవడం కాదు, నిజం దాచడం తప్పని చెబుతున్నాను. అంతటి ముక్కుకీ ఎనిమిది నెలలు పని లేకుండా పోయింది.

గున్నమ్మత్త రొట్టెల కొట్టు మూతపడింది మరి. పొయ్యి వెలిగించాలంటే అనుమతి పత్రం కావాలి. పత్రం కావాలంటే అధికారి విరూపాక్షయ్యకి వేడి రొట్టె రుచి చూపించాలి. పొయ్యి వెలగకుండా వేడి రొట్టె ఎక్కణ్ణుంచి వస్తుంది? నేను మాత్రం రోజూ వెళ్లి ఆ పొయ్యి పక్కనే కూర్చునేవాణ్ణి.

"బూడిద వాసన చూస్తే కడుపు నిండుతుందట్రా?" అనేది అత్త.

ఇంతలో, ప్రజల్ని అడిగి చట్టం మార్చమని రాజుగారు ఆజ్ఞాపించారు. విరూపాక్షయ్య పాత చట్టాన్నే కొత్త తాటాకుల మీద రాయించి, నిండు సభలో చదివి, "అభ్యంతరాలున్నాయా?" అన్నాడు.

అత్త లేచింది. "లేవు బాబూ. ఇది అందరికీ వర్తిస్తుందా?"

"అందరికీ! ఈ క్షణం నుంచే!" అని ముద్ర కొట్టేశాడు.

"అయితే కోట వంటశాలలో పొయ్యి ఆర్పించండి. దానికి పత్రం లేదు కదా?"

ముద్ర పడ్డాక తప్పుతుందా, భటులు వెళ్లి ఆర్పేశారు. అప్పటికే రాజుగారికి సగం ఉడికిన పులుసు వాసన తగిలింది. "వెంటనే పత్రం రాసివ్వవయ్యా!" అన్నారు.

"రుచి చూడకుండా ఎలా ప్రభూ?" అనేసి, విరూపాక్షయ్య నాలుక కరుచుకున్నాడు.

"ముందు వండనివ్వు, తర్వాత రుచి చూడు. ఊరందరికీ అదే చట్టం" అన్నారు రాజుగారు.

మర్నాడే అత్త పొయ్యి వెలిగింది.

ఆమె పోయి ఇప్పటికి పదేళ్లు. తెల్లారితే నా కాళ్లు ఇంకా ఆ సందులోకే వెళ్తాయి. ఆ రొట్టె లేకుండా రోజు ఎలా మొదలుపెట్టాలో నేనింకా నేర్చుకోలేదు.