ఏటి బొమ్మ మీద బురద

ఏరు పుట్టే కొండమీది అడవంతా కొట్టించి ఒక రాజు చిత్రశాల కట్టించుకున్నాడు. అందులో గోడంత ఏటి బొమ్మ పెట్టించి, దాన్ని చూసుకుంటూ అసలు ఏటి గట్టుకే వెళ్లడం మానేశాడు.

ఒకనాడు శాలలోకి వచ్చిన బెస్త నూకాలు ఖాళీ చేపలబుట్టలోంచి గుప్పెడు బురద తీసి ఆ బొమ్మ మీద కొట్టింది.

"దీని తల తీయండి!" అని రాజు రంకెలేశాడు.

"అలాగే ప్రభూ. ముందు ఆ ఏటి నీళ్లతోనే కడిగించండి. మరక పోకపోతే నా తల తమదే."

భటులు కడవలతో పరుగెత్తారు. తిరిగొచ్చి వంచితే ఇసుకే జారింది.

"మరి... ఈ బురద ఎక్కడిది?" అని రాజు అడిగాడు.

"ఏట్లో మిగిలిన తడి అదొక్కటే, ప్రభూ. తమరికి చూపిద్దామని తెచ్చాను."

రాజు వేలితో తాకి చూశాడు. బురద అప్పటికే బీటలు వారుతోంది.