బీరువా తలుపు మీద గుంటలు

జూన్ ఎనిమిదో తేదీన, నరసరావుపేట బీరువాల షెడ్డులో కనకరత్నానికి అన్యాయం జరిగింది. అది ఆమె మాట. ఆమె స్ప్రే గన్నుతో రంగు కొట్టిన తలుపు నున్నగా రావాల్సింది పోయి, రంగు ఎక్కడికక్కడ విడిపోయి సన్నసన్న గుంటలు పడింది. తొమ్మిదినా అంతే, పదినా అంతే. పక్కనే ఉస్తాద్ కాలేషా కొట్టిన తలుపు మాత్రం అద్దంలా మెరుస్తోంది.

ఆయన మీద అనుమానం ఊరికే రాలేదు. పని నేర్పుతామని అరచేతిలో వైకుంఠం చూపించి, ఆడదని చేతికి చీపురిచ్చిన మేస్త్రీలు ఆమెకు ముందే ఇద్దరు తగిలారు. ఈయన మూడోవాడు. కాకపోతే గడ్డం నెరిసినవాడు.

పదకొండో తేదీ పొద్దున్నే ఉస్తాద్ చెప్పేశాడు. "ఇంకొక్క తలుపు చెడితే గన్ను వదిలెయ్యి రత్నం. ఎమరీ కాగితం పట్టుకుని రుద్దుడు పనికి పో."

"చెడగొట్టేవాళ్ళు చెడగొడుతుంటే నా గన్ను ఏం చేస్తుంది ఉస్తాద్?"

"ఎవరు వాళ్ళు?"

"రంగు నిలవకుండా నా రేకుకి దొంగచాటుగా నూనె పూసేవాళ్ళు."

ఉస్తాద్ నవ్వలేదు, కోప్పడలేదు. కొత్త తలుపు తెచ్చి నిలబెట్టి, ఆమె ఎదుటే థిన్నరు గుడ్డతో తుడిచాడు.

"నూనె ఉందో లేదో అని రోజూ నేను చూడనప్పుడు రేకు తడిమి చూసుకుంటావుగా. ఇవాళ నా ముందే చూసుకో."

కనకరత్నం గతుక్కుమంది. అయినా తగ్గలేదు. రంగు పొడి జుట్టుకి అంటకుండా, రోజూలాగే కొబ్బరినూనె దట్టంగా పట్టించి ముడి బిగించింది. చెయ్యి కొంగుకి తుడుచుకుని, అరచెయ్యి పరిచి తలుపు మధ్యలో అదిమి చూసింది.

"ఉందా?"

"లేదు."

"అయితే నా గన్నుతో, నా రంగుతో నేనే కొడతా. కళ్ళు తిప్పకుండా చూడు."

గన్ను రేకుకి ఒకటే దూరంలో, ఆ చివర్నించి ఈ చివరికి తూగుతూ నడిచింది. నీలం రంగు తడితడిగా పరుచుకుంది. తలుపంతా నున్నగా వచ్చింది. మధ్యలో మాత్రం రంగు నిలవక గుంటలు తేలాయి. ఐదు వేళ్ళు, ఒక అరచెయ్యి.

"ఎవరిదో పోల్చుకో" అన్నాడు ఉస్తాద్, గన్ను కడుక్కుంటూ.

కనకరత్నం సబ్బు పెట్టి మోచేతుల దాకా రుద్ది కడుక్కుంది. రంగు ఆరాక సన్న కుంచె తీసుకుని, ఆ చేతి ముద్ర కింద తేదీ వేసింది: 11-6-2009.